కాళ్ళు ఆనని బండి

ఇల్లు, భోజనాల బల్ల దగ్గర

స్పానరమ్మా,

ఉత్తరం చూసి గాభరా పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోను ఉండగా ఈ కాగితమేమిటి, మా వదినకి మతిగానీ పోయిందా అనుకుంటావని తెలుసు. ఫోనులో అయితే మీ అన్నయ్య వింటారు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నప్పటినుంచి ఆయనవి పాముచెవులైపోయాయి. పక్కింటివాళ్ళ కుళాయి కారుతుంటే మంచం మీంచి లేవకుండానే చెప్పేస్తున్నారు. నీళ్ళ శాఖలో అన్నేళ్ళు పైపులైన్ల వెంట తిరిగిన మనిషి కదా, ఎక్కడికి పోతుంది ఆ బుద్ధి. నేను అడగబోయే సంగతి ఇప్పుడప్పుడే ఆయన చెవిన పడకూడదు.

మా ల్యాబుకి పళ్ళ సెట్లు ఆర్డరిచ్చే డాక్టర్లలో ఒక పెద్దాయన ఉన్నారని చెప్పానే, కింది వరస పై వరసకి కుదరలేదంటూ ఒక్కో సెట్టు మూడుసార్లు వెనక్కి పంపుతారే, ఆయన. పోయినవారం అచ్చులు తెచ్చుకుందామని ఆయన క్లినిక్‌కి వెళ్ళాను. గ్యారేజీలో టార్పాలిన్ కింద ఏదో కొండలా ఉంది. ఏమిటండీ అని అడిగాను. ఆయన టార్పాలిన్ లాగేశారు.

బండి. నువ్వూ నేనూ రోజూ చూసే బండ్లలాంటిది కాదు. దూరాలు తిరగడానికి చేసిన టూరింగ్ బండి. ముందు గాలి కొట్టకుండా పెద్ద అద్దం, రెండు పక్కలా తాళాలు వేసుకునే పెట్టెలు, వెనక సీటుకి వీపు ఆనించుకోవడానికి దిండు. ముదురు ఆకుపచ్చ. వయసు ఇరవై దాటిందట. మోకాళ్ళు అరిగిపోయి డాక్టరుగారు దాన్ని తీయడం మానేసి కొన్నేళ్ళయింది. అమ్ముతారటగానీ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరట. సొంత కూతురిని అప్పగించేవాడిలా మాట్లాడతారు.

మీ అన్నయ్య నడుం నొప్పని తన బండి అమ్మేసినప్పటినుంచి మన గేటు ముందు బోసిగా ఉంది. అందుకని అడుగుతున్నాను. ఇంత పాత బండి కొనచ్చా, కొనకూడదా? ఏం చూడాలి? పళ్ళయితే చూడగానే వయసు చెప్పేస్తాను, ఇంజన్ల సంగతి నాకేం తెలుసు.

ఇది రాస్తుంటే మీ అన్నయ్య ఎదురుగానే కూర్చుని రేడియోలో వార్తలు వింటున్నారు. ఏం రాస్తున్నావన్నారు. ల్యాబు పనన్నాను. జవాబు ఇంటికే రాయి, ఫరవాలేదు.

నీ వదిన


డిపో వర్క్‌షాపు, ఇంజన్ సెక్షన్

వదినా,

నీ ఉత్తరం గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెడితే, ఎవరో పోయారేమో అనుకున్నాను. విప్పి చూస్తే బండి! మా సెక్షన్‌లో పదకొండుమంది మగవాళ్ళ మీద ఫోర్‌మన్‌గా ఉన్నాను, ఒక్కడు కూడా నన్నింత కంగారు పెట్టలేదు.

సరే, పనిలోకి వద్దాం. పాత బండి అంటే భయపడక్కర్లేదు. తిరిగిన బండికంటే కూర్చున్న బండి ప్రమాదం. మనుషుల్లాగే, కదలకపోతే రబ్బరంతా బిరుసెక్కిపోతుంది. నువ్వు చెప్పాపెట్టకుండా వెళ్ళు. ముందే చెబితే ఇంజను వేడి చేసి ఉంచుతారు, వేడెక్కిన ఇంజను తన రోగాలేవీ బయటపెట్టదు. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. అప్పుడు స్టార్ట్ చేయించు. మొదటి నిమిషంలో ఏం చప్పుడు వస్తుందో విను. పొగ ఏ రంగో చూడు. నీలంగా ఉంటే ఆయిల్ తాగుతోందని అర్థం. ముందు చక్రం పైన మెరిసే గొట్టాలు రెండుంటాయి, వాటి మీద వేలు రాసి చూడు, జిడ్డు అంటితే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్ళు పోయినట్టు. టార్చి వేసి ట్యాంకు లోపల చూడు, తుప్పు ఉందేమో. టైర్ల మీద గాడులు లోతుగా ఉన్నాయని మోసపోకు, పక్కన తయారైన ఏడాది అచ్చు వేసి ఉంటుంది, అది రాసి పంపు. వెనక చక్రం దగ్గర చైను కోసం వెతక్కు, ఆ రకం బండ్లకి దాని బదులు చక్రాన్ని తిప్పే ఇనప షాఫ్టు ఉంటుంది. అదొక సుఖం.

ఇక నా అనుమానం. ఒక చిన్న బోల్టు కొనాలన్నా నాకు ఫోను చేసి, నేను చెప్పింది కాదని ఇంకోటి కొనే మనిషి మా అన్నయ్య. అలాంటివాడి వెనక నువ్వు బండి చూడడమేమిటి? ఆశ్చర్యపరచాలనా? నడుం నొప్పి ఉన్నవాడికి అంత బరువు బండి ఎందుకు? కోపగించుకోకు, అడగాలనిపించింది, అడిగాను.

స్పానరు


ఇల్లు, వంటగది

స్పానరమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున్నే, క్లినిక్ తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. డాక్టరుగారు బ్రష్షు నోట్లో పెట్టుకునే కిందికి వచ్చారు. అంత పెద్ద పళ్ళ డాక్టరు ఎలా తోముకుంటారో చూశాను, ఏం లేదు, మనలాగే తోముకుంటారు.

ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఆయన కారు నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేశారు. ముందు దగ్గింది, రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి పట్టుకుంది. మొదట్లో ఎడమ పక్కనుంచి సన్నగా గలగలమని చప్పుడు, టీ కప్పులో చెంచా తిప్పినట్టు. కాసేపటికి పోయింది. పొగ తెల్లగా వచ్చి ఆగిపోయింది. నీలం లేదు. ముందు గొట్టాల్లో కుడివైపుదానికి జిడ్డు అంటింది. ట్యాంకు లోపల నాకు అద్దంలా కనిపించింది. టైర్లు మాత్రం చూడడానికి కొత్తవే, వయసు చూస్తే పదకొండేళ్ళు. గోరుతో నొక్కితే దిగలేదు.

డాక్టరుగారు మాత్రం మంచివారు, ఏదీ దాచలేదు. ఆయనా వాళ్ళావిడా దాని మీద సముద్రం దాకా వెళ్ళొచ్చారట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు నాకు బిల్లు గురించి ఫోను చేసే గొంతులా లేదు.

ఒక్కటే ఇబ్బంది. బండి ఎత్తు ఎక్కువ. సీటు మీద కూర్చుంటే నా మడమలు నేలకి ఆనడం లేదు, మునివేళ్ళే తగులుతున్నాయి. దీనికేమైనా ఉపాయం ఉందా?

మిగతా ప్రశ్నలకి జవాబు తర్వాత రాస్తాను. నీ ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకున్నాను, పొద్దున్న వెళ్ళేముందు మళ్ళీ ఓసారి చదువుకోవడానికి బాగుంది.

నీ వదిన


డిపో క్వార్టర్స్, వరండా

వదినా,

బండి సంగతి తర్వాత.

నీ మడమలు నేలకి ఎందుకు ఆనాలి? వెనక సీటులో కూర్చునే మనిషికి ఆ బాధ లేదు.

రహస్యం అన్నావు. నా ఉత్తరం ఫ్రిజ్ మీద అతికించావు. రోజుకి పదిసార్లు ఆ తలుపు తీసే మనిషి అన్నయ్య. అన్నయ్య ఎదురుగా కూర్చుని బండి గురించి నాలుగు పేజీలు రాశావు, ల్యాబు పనంటే నమ్మాడు. కాగితం ఒక్కసారి తన వైపు తిప్పుకుంటే సరిపోయేది.

రెండేళ్ళుగా అన్నయ్య నాకు ఒక్క ఫోటో పంపలేదు. నేను పంపినవాటికి బాగుంది అంటాడు, అంతే. ఏది బాగుందో చెప్పడు.

వదినా, అన్నయ్య కళ్ళకి ఏమైంది?


పళ్ళ ల్యాబు, నా బల్ల

స్పానరూ,

ఇది ఇంట్లో కూర్చుని రాయలేకపోయాను. చుట్టూ ప్లాస్టరు అచ్చులు, ఎవరెవరి దవడలో నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. వాటికి భయపడి నిజం చెబుతున్నాను.

కంటి వెనక పొర పాడైపోతోంది. రెండు కళ్ళకీ. నేరుగా చూసిన చోట ఏమీ ఉండదట, అంచులు మాత్రం ఉంటాయట. మొదట పేపరు చదువుతుంటే అక్షరాల మధ్య ఎవరో తడివేలితో చెరిపినట్టు ఉందన్నారు. అద్దాలు మార్చాం. తర్వాత ఒకరోజు పైపులైను చూసి వస్తూ, రోడ్డు మధ్యలో ఉన్న మనిషిని చివరి క్షణం దాకా చూడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వచ్చి బండి స్టాండు వేసి, తాళం నా చేతిలో పెట్టి, అమ్మేయమన్నారు. ఆ వారంలోనే ఉద్యోగానికీ రాజీనామా. నడుం నొప్పి నీ కోసం, బంధువుల కోసం కట్టిన కథ. ఇద్దరు పెద్ద డాక్టర్లకి చూపించాం. ఉన్నది కొన్నాళ్ళు నిలబెట్టగలరట, పోయింది తేలేరట.

నీకు చెప్పనని నాచేత మాట తీసుకున్నారు. "దానికి బండి నేర్పింది నేను. నన్ను అలాగే గుర్తుంచుకోనీ" అన్నారు. ఆ మాట దాటలేకపోయాను.

ఇక రెండో నిజం. అవును, బండి నడిపేది నేను. నాలుగు నెలలుగా ఆదివారం పొద్దున ల్యాబుకని చెప్పి డ్రైవింగ్ స్కూలుకి వెళ్తున్నాను. పోలీసు ట్రాఫిక్‌లో చేసి రిటైరైన ఒకావిడ నేర్పుతోంది. అందరూ విజిల్ మేడం అంటారు. తప్పు చేస్తే తిట్టదు, విజిల్ వేస్తుంది. మొదటి రోజంతా ఆ విజిలే విన్నాను. ఇప్పుడు వేయడం లేదు. గేర్లు లేని చిన్న బండి మీద లైసెన్సు వచ్చింది, గేర్ల బండి మీద కూడా పోయిన నెలలో పాసయ్యాను. యాభై రెండేళ్ళ మనిషిని, పరీక్ష పెట్టిన ఆఫీసరు నా కాగితాలు రెండుసార్లు చూశాడు.

ఆయన కోసమే చేస్తున్నానని నీతో చెబితే నువ్వు మెచ్చుకుంటావు. కానీ అది సగమే. ఇరవై ఆరేళ్ళు వెనక సీటులో కూర్చున్నాను. ఒళ్ళో సంచీ, మొహం మీద ఆయన చొక్కా కాలరు. ఆ కాలరు పక్కనుంచే కొండలూ నదులూ అన్నీ చూశాను. ముందు కూర్చుంటే ఎలా ఉంటుందోనని అప్పట్లోనే అనిపించేది. నీకు నేర్పారు, నాకు నేర్పలేదు. నేను అడగలేదు. ఇప్పుడు ఆయన కళ్ళు పోయాక నాకు ఆ వంతు వచ్చింది. ఇది తలుచుకుంటే సిగ్గేస్తుంది, మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అనీ ఉంటుంది. రెండూ నిజమే. నువ్వు ఏమన్నా పడతాను.

వదిన


డిపో వర్క్‌షాపు, బస్సు కింద నుంచి లేచొచ్చి

వదినా,

మూడురోజులు నీకు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో నాకే తెలియక. నిన్న ఒక గేర్‌బాక్సు మీద అంత చిరాకు చూపించాను, మావాళ్ళు నన్ను టీకి పంపించేశారు.

కోపం నీ మీద సగం, వాడి మీద సగం. నన్ను అలాగే గుర్తుంచుకోనీ అన్నాడా! నేను వాణ్ణి ఎలా గుర్తుంచుకున్నానో వాడికేం తెలుసు? నాకు పన్నెండేళ్ళప్పుడు క్లచ్ వదిలేసి కంచెలోకి పోయాను. నన్ను లేపలేదు, బండిని లేపలేదు. పక్కన కూర్చుని, "ఏడవడం అయ్యాక చెప్పు, మళ్ళీ ఎక్కుదువుగాని" అన్నాడు. ఆ రోజు వాడు నన్ను జాలిగా చూసి ఉంటే ఇవాళ నేను ఈ డిపోలో ఉండేదాన్ని కాదు. వాడి కళ్ళ గురించి తెలిస్తే నేను జాలిపడతానని అనుకున్నాడా? తిడతాను. బాగా తిడతాను. అది వేరు.

నీకు ఒక మాట. చూపు లేని మనిషి ముందు కాగితాలు పరుచుకుని రాసుకోవడం బాగాలేదు. నేనూ అందులో ఉన్నాను కాబట్టి నాకూ బాగాలేదు. వాడి ఎదురుగా నిలబడి మనమిద్దరం గుసగుసలాడుతున్నట్టుంది. కొనేలోపు చెప్పెయ్. చెప్పకుండా కొంటే ఆ బండికి నేను ఒక్క బోల్టు కూడా బిగించను.

సిగ్గు గురించి. నడపాలని ఉంటే ఉందని చెప్పు, అందులో దాచుకునేదేముంది? జాలితో బండి నడిపేవాళ్ళ వెనక నేనైతే కూర్చోను. వాళ్ళు మలుపుల్లో నీ గురించి ఆలోచిస్తుంటారు, రోడ్డు గురించి కాదు. ఇష్టంతో నడిపేవాళ్ళే క్షేమం.

ఇప్పుడు బండి. కొనచ్చు. ఆ గలగల చప్పుడు ఇంజను లోపలి చిన్న చైనుని బిగించి ఉంచే టెన్షనరుది, ఆయిల్ ఎక్కాక పోయిందంటే భయం లేదు, మార్చుకోవచ్చు. టైర్లు రెండూ తీసి పారెయ్యాలి, వాటి మీద వీధి చివరిదాకా కూడా వెళ్ళకు. ముందు సీళ్ళు, బ్రేక్ ఆయిల్, రబ్బరు గొట్టాలన్నీ, బ్యాటరీ. ఇవి నేను చేస్తాను. సీటులో స్పాంజి కోయించి కిందికి దింపుదాం, మడమలు సగమన్నా ఆనుతాయి.

పడుతుంది, వదినా. అంత బరువు బండి ఎవరిదైనా ఒకసారి పడుతుంది. పడేటప్పుడు పట్టుకోవాలని చూడకు, వదిలేసి పక్కకి దూకు. తర్వాత ఎత్తడం ఇలా. ఇంజను ఆపు. గేరులో పెట్టు, కదలకుండా ఉంటుంది. హ్యాండిల్ కింది వైపుకి పూర్తిగా తిప్పు. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుం ఆనించి గొంతుక్కూర్చో. ఒక చేత్తో హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో వెనక కడ్డీ. చేతులతో లాగకు, నడుం వంచకు. కాళ్ళతో నేలని తోస్తూ వెనక్కి చిన్నచిన్న అడుగులు వెయ్. బండి దానంతటదే నీ వెంట లేస్తుంది. నమ్మకం కుదరకపోతే మళ్ళీ చదువు.

స్పానరు


ఇల్లు, భోజనాల బల్ల, మీ అన్నయ్య పక్కన

స్పానరమ్మా,

చెప్పాను. అన్నీ జరిగాయి. ఒకదాని తర్వాత ఒకటి రాస్తాను, తొందరపడకు.

శుక్రవారం సాయంత్రం రేడియో కట్టేసి, ఆదివారాలు నేను ల్యాబుకి వెళ్ళడం లేదని మొదలుపెట్టాను. తెలుసన్నారు. ఆదివారం ల్యాబుకి సెలవని ఆయనకి ముందునుంచీ తెలుసట. తన కళ్ళ కోసం నేను ఇంకెవరో డాక్టర్ల చుట్టూ రహస్యంగా తిరుగుతున్నానని అనుకున్నారట. ఎలా తిట్టాలో కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నారట. బండి నేర్చుకుంటున్నానంటే ఆ తిట్లన్నీ వృథా అయిపోయాయి.

తర్వాత అడిగారు. "ఇన్నేళ్ళూ నన్ను అడగలేదేం?"

"మీరు ఇవ్వలేదేం?" అన్నాను.

అంతే. నాకు భయమనుకున్నారట ఆయన. ఆయనకి ఇష్టముండదనుకున్నాను నేను. చెప్పుకుంటే నవ్వుతారు.

నీ ఉత్తరాలన్నీ వరసగా చదివి వినిపించాను. నేను రాసినవి నీ దగ్గరే ఉన్నాయిగా, నా సిగ్గు సంగతి నోటితోనే చెప్పాను. కష్టమైంది. నువ్వు తిట్టిన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. కంచె దగ్గరికి వచ్చేసరికి, "అది ఏడవలేదు, నిజానికి నేనే కంగారుపడ్డాను, దానికి తెలియకూడదని కూర్చుండిపోయాను" అన్నారు. నీకు చెప్పమని చెప్పలేదు, నేనే చెబుతున్నాను.

ఆఖర్న ఆయన తీర్పు. "నువ్వు కొనుక్కో. నడుపుకో. నేను మాత్రం వెనక కూర్చోను." ఎందుకని నేను అడగలేదు.

కానీ బండి చూస్తానన్నారు. చూడడమంటే చేత్తో తడమడం. ఇద్దరం డాక్టరుగారి గ్యారేజీకి వెళ్ళాం. పరిచయాలయ్యాయి. డాక్టరుగారు బండి గురించి ప్రతి మాటా మీ అన్నయ్యతోనే చెబుతున్నారు. క్లచ్ కాస్త బిగువండీ, మీకు అలవాటవుతుందిలెండి అని. మీ అన్నయ్య విని విని, "నాకెందుకు చెబుతారు, కొనేది ఆవిడ" అన్నారు. డాక్టరుగారి మొహం మారిపోయింది. నన్ను పైకీ కిందికీ చూశారు. నేను ఆయనకి ఎన్నో ఏళ్ళుగా పళ్ళు చేసిచ్చిన మనిషిని, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. బరువమ్మా, మగవాళ్ళకే ఆగదు అన్నారు.

లోపలి ఆవరణలో ఓ చుట్టు తిప్పి చూపిస్తానన్నాను. టైర్ల సంగతి గుర్తుంది, నడకంత నెమ్మదిగానే. ఒక చుట్టు బాగానే అయింది. రెండో చుట్టులో గేటు దగ్గర ఆగాను. అక్కడ నేల వాలుగా ఉంది. ఎడమకాలు కింద పెట్టబోతే నేల అందలేదు. అంతే, బండి ఒరిగింది. నీ మాట చెవిలో ఉంది, వదిలేసి పక్కకి దూకాను. ఆ చప్పుడు, స్పానరూ, ఇనపబీరువా మెట్ల మీంచి దొర్లినట్టు.

డాక్టరుగారు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి పరుగెత్తుకొచ్చారు. మీ అన్నయ్య గోడ పట్టుకుని నిలబడిన చోటే ఉండిపోయారు. ఆయనకి చప్పుడే వినిపించింది కదా, ఏం పడిందో, ఎవరి మీద పడిందో తెలియదు. తగిలిందా అన్నారు. లేదన్నాను. ఆయన గోడ మీంచి చెయ్యి తీశారు. డాక్టరుగారు వంగి హ్యాండిల్ పట్టుకోబోతున్నారు.

"ఆగండి డాక్టరుగారూ" అన్నారు మీ అన్నయ్య. "ఆవిడ ఎత్తుతుంది."

ఇంజను ఆపాను, హ్యాండిల్ తిప్పాను. ముందుకి వంగి లాగబోతుంటే నా చెప్పుల చప్పుడు బట్టే పట్టేసినట్టున్నారు, "అటు తిరుగు. వీపు పెట్టు. కాళ్ళతో" అన్నారు. నువ్వు రాసింది ఆయనకి నాకంటే బాగా వచ్చేసింది. వీపు పెట్టాను. గొంతుక్కూర్చున్నాను. తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. ముందు ఒక అంగుళం లేచింది. అడుగు వెనక్కి. ఇంకో అడుగు. సగం లేచాక బరువంతా ఎటో పోయింది. స్టాండు వేసి నిలబెట్టేసరికి నా జుట్టంతా విడిపోయి, మోచేతికి మట్టి, నోట్లో ఇసుక.

పక్క పెట్టెకి గీత పడింది, డాక్టరుగారు దాన్ని వేలితో తడిమారు. తర్వాత లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. మీ అన్నయ్య చేతిలో కాదు.

బండి మన ఇంటికి ట్రాలీ మీద వచ్చింది. గేటు ముందు ఉంది. మీ అన్నయ్య పొద్దున్నే దాని చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ తడిమి చూసి లోపలికి వస్తున్నారు. వెనక సీటు మాత్రం ముట్టుకోవడం లేదు.

నీ వదిన


డిపో వర్క్‌షాపు, నోటీసు బోర్డు కింద

వదినా, ఇది గట్టిగా చదువు. పక్కనున్నాయనకి కూడా రాస్తున్నాను.

నీ ఉత్తరం టీ టైములో అందరికీ చదివి వినిపించాను. "ఆవిడ ఎత్తుతుంది" దగ్గర మా వెల్డరు గ్లాసు కింద పెట్టేశాడు. బస్సు ఇంజన్లు దించి ఎక్కించే వాళ్ళు, ఎవరమ్మా ఆవిడ అన్నారు. మా వదిన అన్నాను. మా వదిన అని నేను ఇంతకుముందు చాలాసార్లు అన్నాను, ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. మరుసటి రోజు యార్డులో ఒక పాత బండిని కావాలని పడేసి, ఇద్దరు కుర్రమెకానిక్కులు నీలా ఎత్తాలని చూశారు. ఒకడికే వచ్చింది.

అన్నయ్యా, నువ్వు విను. నీ మీద కోపం తగ్గలేదు. వచ్చి తిడతాను. కంచె దగ్గర కంగారుపడ్డావన్నమాట! నాకు నలభై ఏడేళ్ళు వచ్చాక తెలిసింది. అయినా కూర్చున్నావు చూడు, అది చాలు నాకు. వెనక సీటు సంగతి నేను మాట్లాడను, అది నీకూ ఆ బండికీ మధ్య.

సెలవు పెట్టాను. టైర్లు, సీళ్ళు, గొట్టాలు మూటకట్టుకుని పెద్ద బస్సెక్కి వస్తున్నాను. వదినా, బండి కింద పరవడానికి నాలుగు పాత దుప్పట్లు సిద్ధంగా ఉంచు. అన్నయ్యకి పని చెబుతాను, స్పానర్లు అందిస్తాడు, ఏ నంబరో చేతికే తెలుస్తుంది.

స్పానరు


కొండదారిలో ఒక లాడ్జి, కిటికీ పక్క బల్ల

స్పానరమ్మా,

నువ్వు వెళ్ళి నెలన్నర అయింది. నువ్వు బిగించినవి ఒక్కటీ వదులు కాలేదు. గలగల చప్పుడు లేదు. మడమలు ఇంకా పూర్తిగా ఆనడం లేదు, అలవాటైపోయింది. పై హెడ్డింగు చూశావు కదా. అవును, బయల్దేరాం. ఇద్దరం.

ఎలాగంటే. నువ్వు వెళ్ళాక రోజూ ల్యాబుకి బండి మీదే వెళ్ళొచ్చాను. డాక్టరుగారి సెట్లు పెట్టెలో పెట్టుకుని నేనే స్వయంగా ఇచ్చి వస్తుంటే, కిందికి దిగి బండి చూసి మరీ తీసుకుంటున్నారు. ఈ నెలలో ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు. మీ అన్నయ్య పొద్దున్నా సాయంత్రం గేటు దగ్గర నిలబడి వినేవారు. ఇంట్లోకి రాగానే మొదలు. రెండో గేరు ఎక్కువసేపు లాగుతున్నావు, మలుపులో ముందు బ్రేకు పడుతోంది, ఫలానా గోతిని నేరుగా తొక్కావు. వీధి చివరి గోయి కూడా ఆయనకి వినిపిస్తుంది! పది రోజులు విన్నాను. పదకొండో రోజు అన్నాను, "గేటు దగ్గర నిలబడి చెప్పకండి. చెప్పాలనుంటే వెనక కూర్చుని చెప్పండి."

మర్నాడు నేను బయటికి వచ్చేసరికి హెల్మెట్ పెట్టుకుని బండి పక్కన నిలబడి ఉన్నారు. నేనేమీ అనలేదు. అంటే తీసేస్తారని భయం.

మొదటిసారి బియ్యం బస్తాలా బిగుసుకుపోయి కూర్చున్నారు. నేను ఎడమకి వంగితే ఆయన కుడికి. ఇలాగైతే ఇద్దరం కంచెలో పడతాం, నాతోపాటు వంగండి అన్నాను. ఎటు వంగాలో నాకెలా తెలుస్తుందన్నారు. నాకెలా తెలిసేది ఇన్నేళ్ళూ, మీ వీపు చెప్పేది, ఇప్పుడు నా వీపు చెబుతుంది, వినండి అన్నాను. రెండు వీధులు దాటేసరికి కుదిరింది. తర్వాత గేర్ల గురించి ఒక్కమాట కూడా అనలేదు. అడిగితే, బాగానే మారుస్తున్నావు, గేటు దగ్గరికి సరిగ్గా వినబడేది కాదు అన్నారు. ఆ మనిషి నోట అదే పెద్ద మెప్పు, నీకు తెలియనిదా.

ఇవాళ పొద్దున కొండ ఎక్కాం. నాకు భయమేసింది, దాచను. మలుపు మీద మలుపు, పక్కన లోయ. ముందు ఎవరి కాలరూ లేదు. రోడ్డంతా నాదే, స్పానరూ. అంత రోడ్డు నేను ఎప్పుడూ చూడలేదు. పైకి చేరాక గట్టిగా అరవాలనిపించింది, అరవలేదు. ఆయన వెనకనుంచి నా భుజం మీద రెండుసార్లు తట్టారు. పాత రోజుల్లో ఆయనకి నేను తట్టేదాన్ని, టీ కావాలంటే. టీ కోసమే అనుకుని ఆపాను. టీ కోసం కాదట.

అయినా తాగాం. దుకాణం దగ్గర ఒక లారీ డ్రైవరు, భారీ మనిషి, పెద్ద మీసాలు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను గ్లాసులు తీసుకొస్తున్నాను, మీ అన్నయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి, ఎంత పాతదండీ, ఎక్కడ సంపాదించారు, ఈ కొండ మీద ఇంత బరువు బండి ఎలా తిప్పారు అని ఒకటే పొగడ్త.

మీ అన్నయ్య టీ కోసం చెయ్యి చాపారు. గ్లాసు అందించాను. ఒక గుక్క తాగి, తీరిగ్గా చెప్పారు.

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది? నేను వెనక కూర్చునేవాణ్ణి. నడిపింది ఈవిడ. పడితే ఎత్తేది కూడా ఈవిడే."

లారీ డ్రైవరు నా వైపు తిరిగాడు. తర్వాత బండి వైపు. మళ్ళీ నా వైపు. దండం పెట్టి వెళ్ళి లారీ ఎక్కాడు.

లారీ దూరమయ్యేదాకా మీ అన్నయ్య ఆగారు. తర్వాత నా వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగారు. "వాడు మొహం ఎలా పెట్టాడు? ఏదీ వదలకుండా చెప్పు."

చెప్పాను. నోరు ఎలా తెరుచుకుందో, మీసాలు ఎలా కిందికి జారాయో, కళ్ళు బండికీ నాకూ మధ్య ఎలా పరుగెత్తాయో. ఆయన టీ ఒలికిపోయేలా నవ్వారు. మళ్ళీ చెప్పించుకున్నారు. బండెక్కాక, మొదటి మలుపు తిరగకముందే, ఇంకోసారి చెప్పమన్నారు.

మూడోసారి కొంచెం కల్పించి చెప్పాను.

నీ వదిన